వంద వాట్లు లేనిదే మోక్షం లేదు

అసలైన ట్యూబ్ ఆంప్ (గాజు వాల్వులతో గిటారు శబ్దాన్ని పెంచే యంత్రం) లేకుండా ఇంట్లో ఎలక్ట్రిక్ గిటార్ రికార్డు చేయడం మహాపాపమని మన నెల్లూరు గిటారు పెద్దలు తేల్చేశారు. పాపభీతి ఉన్నవాళ్లం కాబట్టి, మాగుంట లేఅవుట్‌లో మూడో అంతస్తుకి వంద వాట్ల హెడ్డూ (స్పీకరు లేని ఆంప్ పెట్టె), పన్నెండంగుళాల స్పీకర్లు నాలుగున్న క్యాబినెట్టూ మోయిద్దాం. వాల్యూమ్ సగం దాటితేగానీ 'అసలు టోను' రాదట, దాటిద్దాం. కిందింటి పిన్నిగారి స్టీలు గిన్నెలు శ్రుతి కలుపుతాయి. అసోసియేషన్ ప్రెసిడెంటుగారు లుంగీ ఎగ్గట్టుకుని వచ్చి, "ఏంది నాయనా, హాల్లో బోరేస్తన్నారా?" అంటారు. "కాదు సార్, మిడ్‌రేంజ్" అని వినయంగా మనవి చేసుకుందాం. ఆయన వాచ్‌మన్‌ని కేకేస్తారు, వాచ్‌మన్ మెయిన్ దించుతాడు. టేకు సంపూర్ణం.

ఇంతా చేసి, స్పీకరుకు రెండంగుళాల దూరంలో మైకు పెట్టి పట్టడమేగా! రికార్డులోకి వచ్చేది ఆ మైకు విన్నదే, మన గుండె అదురు కాదు. ఆంప్ బదులు గిటారును ఇంటర్‌ఫేసు అనే పెట్టెతో కంప్యూటరుకు కలిపి, ఆంప్‌ని అనుకరించే సాఫ్ట్‌వేర్‌తో వాయించొచ్చు. ఆ స్పీకరూ మైకూ కలిసి శబ్దాన్ని మలిచే తీరే అందులో పెట్టుకునే ఇంపల్స్ రెస్పాన్స్ అనే చిన్న ఫైలు. గిటార్ స్పీకరు 5 కిలోహెర్ట్జ్ దాటాక దాదాపు పలకదు. ఆ ఫైలు పెట్టకుండా డిస్టార్షన్ (గరగరలాడే గిటారు శబ్దం) వింటే చెవిలో దోమ దూరినట్టే ఉంటుంది. అది విని "సాఫ్ట్‌వేర్ బతుకింతే" అని పెదవి విరుస్తారు. రెండుచోట్ల క్యాబ్ (ఈ స్పీకరు అనుకరణ) ఆన్ చేసి, మూగబోయిందని ఏడ్చేవాళ్లు ఇంకో జాతి.

ఇంటర్‌ఫేసు మీద ఇన్‌స్ట్రుమెంట్ బటనొకటి ఉంటుంది. అది నొక్కితే ఇన్‌పుట్ ఇంపీడెన్స్ (సిగ్నల్‌కు ఇన్‌పుట్ చూపే నిరోధం) 1 మెగాఓమ్ దరిదాపుల్లో ఉంటుంది. లైన్ ఇన్‌పుట్‌లో గుచ్చితే 10 కిలోఓమ్‌లకు పికప్ (తీగల కదలికను సిగ్నల్‌గా మార్చే అయస్కాంతపు చుట్ట) గొంతు పిసికినట్టే, పై స్వరాలు చచ్చిపోతాయి. గట్టిగా మీటినా పీక్ (మీటర్లో అత్యధిక స్థాయి) మైనస్ 12 డీబీ దగ్గర ఆగితే చాలు. బఫర్ (కంప్యూటరు ఒక్కో దఫా పట్టుకునే శబ్దపు ముక్క) 128 శాంపిల్స్. గెయిన్ (డిస్టార్షన్ మోతాదు) అనుకున్నదానికన్నా తక్కువ, అదే రిఫ్ (పదేపదే వచ్చే చిన్న వరస) రెండుసార్లు విడివిడిగా వాయించి కుడికొకటి, ఎడమకొకటి. కాపీ పేస్టు చేస్తే వెడల్పు రాదు.

రోహిణి కార్తెలో ఫ్యాను ఆపనక్కర్లేదు, మైకే లేదుగా. కాకపోతే డయల్ తిప్పే ఎలక్ట్రానిక్ రెగ్యులేటరు సగంలో ఉంటే సింగిల్ కాయిల్ (ఒకే చుట్ట ఉన్న) పికప్ జర్రుమంటుంది. ఫుల్లులో పెట్టండి, లేదా గిటారు పట్టుకుని కొంచెం పక్కకు తిరగండి.

ఇక హమ్ (ఆగకుండా వచ్చే గుంయ్ మోత) పోవాలంటే ప్లగ్గులో ఎర్త్ పిన్ను పీకేయమనే మేధావులున్నారు. వీళ్ల దగ్గర నాకు నవ్వు రాదు. గిటారు తీగలు బ్రిడ్జి దగ్గర గ్రౌండుకు కలిసుంటాయి. ఆ గ్రౌండు కేబుల్లోంచి ఆంప్‌కో, ఇంటర్‌ఫేసు మీదుగా లాప్‌టాప్ ఛార్జరుకో పోతుంది. అక్కడ ఏది లీకైనా ఎర్తులోకి పోవాల్సిన కరెంటు, పిన్ను లేకపోతే పిల్లవాడి వేళ్లలోకి వస్తుంది. టోను గురించి గంటలు గంటలు పురాణం చెప్పే నోటికి ఈ ఒక్క మాట బరువైందా? పదో తరగతి పిల్లలు వింటున్నారన్న ఇంగితం లేదా? సిగ్గుండాలి!

హమ్ తగ్గాలంటే అన్నీ ఒకే ప్లగ్ బోర్డులో పెట్టండి. తగ్గకపోతే ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న డీఐ బాక్సు (గిటారుకీ ఇంటర్‌ఫేసుకీ మధ్య పెట్టే పెట్టె) తెచ్చుకోండి. ఇంట్లో ఎర్తే లేకపోతే ముందు ఎలక్ట్రీషియన్‌ని పిలవండి, సోలో ఎల్లుండి వాయించుకోవచ్చు.