నారికురుపు లెక్కలో కుక్కలే ముందు

తాగే నీటితో ఒంట్లో చేరిన పురుగు ఏడాదికి చర్మం చీల్చుకుని బయటికొచ్చే జబ్బు నారికురుపు. 1986లో ప్రపంచవ్యాప్తంగా దాదాపు 35 లక్షల మందిని అది పీడిస్తోందని అంచనా. 2021 నుంచి 2024 దాకా ఏ ఏడాదీ రోగుల సంఖ్య 15 దాటలేదు. ఈ రెండు అంకెలు పక్కపక్కన చూసిన ఎవరికైనా పని ముగిసిందనే అనిపిస్తుంది. ముగియలేదు. ఆఫ్రికాలోని చాద్ దేశంలో 2019 ఒక్క ఏడాదిలోనే 1,900కు పైగా కుక్కల ఒంట్లోంచి ఇదే పురుగు బయటికొచ్చింది. ఆ తరవాత తగ్గుముఖం పట్టినా లెక్క ఇంకా వందల్లోనే ఉంది. మనుషుల అంకెను చూసి దాతలు, ప్రభుత్వాలు జేబు బిగిస్తే నలభై ఏళ్ల శ్రమ ఆ కుక్కల వెంటే నీటిపాలవుతుంది.

తెలుగునాట ఈ జబ్బును మరిచిపోగలిగాం గాని, అది మనకు పరాయిది కాదు. 1984లో దేశంలోని ఏడు రాష్ట్రాల్లో దాదాపు 40 వేల నారికురుపు కేసులు నమోదయ్యాయి. ఆ ఏడింటిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. మెట్లు దిగి, మోకాలిలోతు నీళ్లలో నిలబడి కడవ ముంచుకునే దిగుడుబావులే దానికి నెలవు. మెట్లు మూసి, గట్టు కట్టి, చేదతో తోడే బావులుగా మార్చడం, చేతిపంపులు వేయడం, నీళ్లు గుడ్డతో వడకట్టించడం, ఊరూరా రోగులను వెతకడం: మన దేశం చేసిన పని ఇదే. ఆఖరి కేసు 1996 జులైలో రాజస్థాన్‌లోని జోధ్‌పూర్ జిల్లాలో బయటపడింది. 2000 ఫిబ్రవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ మనకు విముక్తి ధ్రువపత్రం ఇచ్చింది. మనం నీటి మీద కన్నేస్తే సరిపోయింది. చాద్‌కు ఆ అదృష్టం లేదు.

ఎందుకో తెలియాలంటే పురుగు నడక తెలియాలి. నిల్వ నీటిలో సైక్లాప్స్ అనే నలుసంత జీవి ఉంటుంది. నారిపురుగు పిల్లలను అది మింగుతుంది. దాని కడుపులో రెండు వారాలు గడిస్తే ఆ పిల్లలకు మనిషికి సోకే శక్తి వస్తుంది. ఆ నీళ్లు తాగితే మన జీర్ణరసాలకు సైక్లాప్స్ చస్తుంది, పిల్లలు మాత్రం పేగు గోడ దాటి లోపలికి చేరతాయి. జతకట్టాక మగపురుగు చచ్చిపోతుంది. ఆడది 60 నుంచి 100 సెంటీమీటర్ల దాకా పెరిగి, సుమారు ఏడాదికి చాలావరకు మోకాలి కిందనే బొబ్బ లేపి తల బయటపెడుతుంది. నిప్పు పెట్టినట్టు మంట. ఆ మంటకు తాళలేక మనిషి కాలు నీళ్లలో పెడితే చాలు, పురుగు లక్షలాది పిల్లలను వదిలేస్తుంది. మళ్లీ మొదటికి.

దీనికి మందు లేదు, టీకా లేదు. ఒకసారి వచ్చిపోయిందని రక్షణా రాదు. వైద్యమల్లా పుల్లముక్కకు పురుగును రోజుకు కొన్ని సెంటీమీటర్ల చొప్పున చుట్టుకుంటూ పోవడమే. వారాలు పడుతుంది. తొందరపడి లాగితే తెగుతుంది. తెగిన ముక్క లోపల ఉండిపోయి వాచి, చీముపట్టి, కాలే పనికిరాకుండా పోవచ్చు. పంట చేతికొచ్చే రోజుల్లో ఈ జబ్బు వచ్చిన ఇంట్లో పొలం పని ఆగిపోతుంది.

కాబట్టి పోరాటమంతా నీటి దగ్గరే. ఒకటి వడపోత: సన్నని నేత నైలాన్ గుడ్డ బిందె మూతికి కట్టి పోస్తే సైక్లాప్స్ పైనే ఆగిపోతుంది. పశువుల వెంట తిరిగేవాళ్లు, చేపలవేటకు పోయేవాళ్లు మెడలో వేసుకోవడానికి గొట్టపు వడపోతలు ఇచ్చారు. గుడ్డకు చిన్న చిల్లు పడినా, ఉతికి తిరగేసి కట్టినా ఫలితం సున్నా. మొదటి రోజు నీటికి తగిలిన పక్కనే ఎప్పుడూ పైకి ఉంచాలి. రెండోది టెమిఫాస్, నీటిలో కలిపి సైక్లాప్స్‌ను చంపే మందు. డెంగీ కాలంలో మన మునిసిపల్ సిబ్బంది దోమ పిల్లల మీద వాడేది ఇదే. లీటరు నీటికి ఒక మిల్లీగ్రాము చాలు. 50 శాతం ద్రావణమైతే ఘనపు మీటరుకు 2 మిల్లీలీటర్లు. 20 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు, సగటున మీటరు లోతున్న కుంటకు 400 మిల్లీలీటర్లు అన్నమాట. ఆ మోతాదులో చేపలకూ మనుషులకూ హాని లేదు. నాలుగు వారాలకోసారి మళ్లీ వేయాలి.

కాగితం మీద ఇది ఇంత తేలిక. గట్టున నిలబడితే కాదు. కుంటలు చతురస్రాలుగా ఉండవు. నడుమ లోతు ఎంతో కర్ర ముంచి చూడకుండా, చూపుతో అంచనా కట్టి మీటరును అరమీటరు అనుకుంటే మందు సగమే పడుతుంది, సైక్లాప్స్ బతికిపోతుంది. మర్నాడు వాన పడితే లెక్క మళ్లీ తప్పుతుంది. పురుగు పైకొచ్చిన మనిషో కుక్కో దిగిన నీటికి రెండు వారాల్లోపే మందు పడాలి. ఆ తరవాత వేసినా, అప్పటికే తాగినవాళ్లకు ఏడాదికి గాని సంగతి తెలియదు. నదీ తీరపు పెద్ద మడుగుల్లోనైతే ఎన్ని డబ్బాలు పోసినా చాలదు.

చాద్‌లో 2000 తరవాత పదేళ్లు ఒక్క కేసూ నమోదు కాలేదు. 2010లో పది బయటపడ్డాయి. నివురుగప్పిన నిప్పు ఎక్కడ దాగిందో 2012లో తేలింది: చారీ నది వెంట పల్లెల్లో కుక్కల కాళ్ల నుంచి పురుగులు వేలాడుతున్నాయి. జన్యు పరీక్షలు చేస్తే అది మనుషుల్లోని పురుగే, వేరే జాతి కాదు. మరి ఒకే గుంట నీళ్లు తాగే ఊళ్లో మనుషులకు ఎక్కడో ఒకరికి, కుక్కలకు గుంపులుగా ఎందుకు వస్తోంది? పరిశోధకుల చూపు తిండి మీదికి మళ్లింది. సైక్లాప్స్‌ను మింగిన కప్ప, చేప ఒంట్లో పురుగు పిల్లలు బతికే ఉండగలవని ప్రయోగశాలలో తేల్చారు. 2016లో చాద్‌లోనే పట్టిన ఒక కప్పలో నారిపురుగు పిల్ల దొరికింది. ఎక్సెటర్ విశ్వవిద్యాలయం వారు కుక్కల మెడకు జీపీఎస్ పట్టీలు కట్టి, అవి ఏం తిన్నాయో పట్టిచ్చే ఐసోటోపులను (ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న అణువులను) మీసం వెంట్రుకల్లో పరీక్షించి, చేపలు ఎక్కువ తిన్న కుక్కలకే ముప్పు ఎక్కువని చూపారు. వేసవిలో మడుగులు ఇంకుతుంటే ఊరంతా చేపలు పడుతుంది. పేగులు, చిన్న చేపలు గట్టున పారేస్తుంది. కుక్కలకు అదే విందు.

అందుకే ఇప్పుడు అక్కడి కార్యక్రమానికి గుండెకాయ ఆస్పత్రి కాదు, గొలుసు. పురుగు కనిపించిన కుక్కను అది పూర్తిగా బయటికొచ్చేదాకా కట్టేయాలి. ముప్పు ఎక్కువున్న పల్లెల్లో పురుగు కనబడకముందే కట్టేయాలి. చేప పేగులు గోతిలో పూడ్చాలి, చేపను బాగా ఉడికించే తినాలి. తాడుతో కడితే కుక్క కొరికేస్తుంది, కనుక గొలుసే కావాలి. కట్టేసిన కుక్కకు తిండీ నీళ్లూ యజమానే పెట్టాలి. తన కడుపే నిండని కుటుంబానికి అదెంత భారమో చెప్పనక్కర్లేదు. పంట కాపలాకు, వేటకు పెంచుకున్న కుక్కను నెలల తరబడి గుంజకు కట్టమంటే ఎవరు ఊరుకుంటారు? రాత్రికి విప్పేస్తారు. పల్లెవాసులది మొండితనమని తీర్పు చెప్పే నివేదికలు మాకు నచ్చవు. తిండి ఖర్చు ఇవ్వకుండా గొలుసు ఇచ్చినవారిదే తప్పు.

ఏనుగు వెళ్లినా తోక చిక్కిందంటే ఇదే. ఆ తోక చాద్‌లో మాత్రమే లేదు. మాలి, కామెరూన్‌లలో కుక్కలకు, ఇథియోపియాలో కుక్కలతో పాటు బబూన్ కోతులకు ఈ పురుగు సోకింది. అంతకుముందు ఈ జబ్బు ఊసే లేని అంగోలాలో 2018లో కేసు బయటపడింది. నిర్మూలన గడువు 1995 అన్నారు, 2009 అన్నారు, 2020 అన్నారు. ఇప్పుడు 2030. ఆఖరి నారిపురుగు తనకంటే ముందు చావాలని కోరుకున్న, ఈ పోరాటానికి ముందు నిలిచిన అమెరికా మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ 2024 డిసెంబరులో నూరేళ్ల వయసులో వెళ్లిపోయారు, పురుగు మిగిలింది.

కేసులు తగ్గేకొద్దీ ఒక్కో కేసుకు అయ్యే ఖర్చు పెరుగుతుంది. దాన్ని దుబారా అనడం లెక్క తెలియనివారి మాట. ఒక కేసును కట్టడి చేసినట్టు నమోదు కావాలంటే పురుగు తల కనిపించిన 24 గంటల్లో గుర్తించాలి, ఆ మనిషి నీటిలో దిగి ఉండకూడదు, పుండు కడిగి కట్టు కట్టి పురుగు పూర్తిగా వచ్చేదాకా చూడాలి, 7 రోజుల్లోపు పర్యవేక్షకుడు వచ్చి నిర్ధారించాలి, అనుమానం ఉన్న నీటికి మందు వేయాలి. ఇందులో ఏ ఒక్కటి తప్పినా కట్టడి కాలేదనే రాస్తారు. ఇదంతా జరగాలంటే కేసు లేని ఊళ్లో కూడా ఒక మనిషి రోజూ ఇంటింటికీ తిరగాలి. ఆ జీతం ఆపేస్తే కేసులు కనబడవు. లేకపోవడం వేరు, కనబడకపోవడం వేరని చాద్‌ పదేళ్ల మౌనం చూపనే చూపింది.

పరిశోధన నిధులు దేనికి ఖర్చుకావాలన్నది మా రెండో మాట. పురుగు ఏడాది పాటు ఒంట్లో దాగి ఉన్నప్పుడు పట్టిచ్చే రక్తపరీక్ష పల్లె గట్టున వాడేలా ఇంకా చేతికి రాలేదు. అది వస్తే వెయ్యి కుక్కలను కట్టేసే బదులు సోకినవాటినే కట్టేయవచ్చు, యజమానికి తిండి ఖర్చూ ఇవ్వవచ్చు. కుక్కల్లో పురుగును లోపలే చంపే మందు, పెద్ద మడుగుల్లో టెమిఫాస్ చేయలేని పని చేసే పద్ధతి ఆ తరవాతి అవసరాలు. మనుషులకు వచ్చే జబ్బులపై కేటాయించే డబ్బును కుక్కల మీద పెట్టడమేమిటని అడిగే ఆర్థికశాఖలకు ఇక్కడ మనిషి జబ్బు, కుక్క జబ్బు అని రెండు లేవని చెప్పాలి.

గడువు సంగతీ లెక్క వేసుకోవాలి. ధ్రువపత్రానికి కనీసం మూడేళ్లు వరసగా మనిషిలోగాని, జంతువులోగాని ఒక్క పురుగూ రాకూడదు. 2030లో ఆ పత్రం అందాలంటే 2027, 2028, 2029 మూడూ సున్నాలు కావాలి. 2027లో తల బయటపెట్టే పురుగు 2026లో తాగిన నీటిది, తిన్న చేపది.