తలసేమియా పిల్లల మాత్ర ఆపించకండి

"తలసేమియా పిల్లల లివర్‌ను పాడుచేసేది ఐరన్ తగ్గించే మాత్రలే. అవి ఆపేసి మునగాకు రసం, బెల్లం, నిమ్మరసం పట్టండి. కళ్లు పచ్చబడితే పసరు పోయించండి. అన్నం తిన్నాక టీ ఇవ్వండి." ఈ మెసేజ్ ఇంకెన్నిసార్లు ఫార్వర్డ్ చేస్తారు?

తలసేమియా అంటే ఒంట్లో రక్తం సరిగా తయారుకాని పుట్టు జబ్బు, అందుకే ఈ పిల్లల్లో చాలామందికి తరచూ రక్తం ఎక్కించాలి. మునగాకు, బెల్లం సంగతి ఒక్క ముక్కలో: ఈ పిల్లలకు కొరత ఐరన్ కాదు. కూరలో పిండిన నిమ్మకాయతో భయం లేదు. గ్లాసులకొద్దీ తాగిస్తే మాత్రం తిండిలోని ఐరన్ ఇంకా ఎక్కువగా ఒంటికి పడుతుంది.

అసలు ప్రమాదం "మాత్రలు ఆపేయండి" అన్న మాటలో ఉంది. ఒక్క యూనిట్ రక్తంలో సుమారు 200 మిల్లీగ్రాముల ఐరన్ ఉంటుంది. మూడు వారాలకొకటి చొప్పున ఏడాదికి 17 యూనిట్లు ఎక్కిస్తే 3,400 మిల్లీగ్రాములు. ఎదిగిన మనిషి ఒంట్లో ఉండే మొత్తం ఐరన్ దాదాపు అంతే! ఒంటి నుంచి దానంతటది బయటికి పోయేది రోజుకు ఒకటి, రెండు మిల్లీగ్రాములు. మిగిలింది ముందుగా చేరేది లివర్‌లోకే. నొప్పి ఉండదు, ఆకలి తగ్గదు, లోపల మాత్రం లివర్ గట్టిపడుతూ పోతుంది. ఆ తర్వాత వంతు గుండెది. మాత్ర ఆపించినవాళ్లు దీనికి ఏం జవాబు చెబుతారు?

ఈ ఐరన్‌ను బయటికి పంపే మాత్ర డెఫెరాసిరాక్స్. అది లివర్‌ను ఇబ్బంది పెట్టదా అంటే, కొందరిలో పెడుతుంది. కిడ్నీలనూ పెడుతుంది. అందుకే మొదటి నెలలో తరచుగా, ఆపైన నెలనెలా రక్తంలో ఏఎల్‌టీ (లివర్ కోసం), క్రియాటినిన్ (కిడ్నీల కోసం) చూడాలి. జ్వరంతో వాంతులు, విరేచనాలు పట్టుకుంటే అదే రోజు డాక్టర్‌కు ఫోన్ చేయాలి, తాత్కాలికంగా ఆపమంటారు. నీళ్లలో కలిపే మాత్ర నుంచి మింగే మాత్రకు మారితే డోసు తగ్గాలి: కిలోకు 20 మిల్లీగ్రాములు వేసేచోట 14 చాలు. పాత లెక్కే కొనసాగిస్తే మందు ఎక్కువైపోతుంది. ఒంట్లో ఐరన్ నిల్వను సూచించే రక్తపరీక్ష ఫెరిటిన్ ఒక్కటే చూసి ఊరుకోవద్దు, ఇన్ఫెక్షన్ ఉన్నా అది పెరుగుతుంది. లివర్‌లో ఐరన్ ఎంతుందో ఎంఆర్‌ఐలో తెలుస్తుంది.

ఇక పసరు. రక్తకణాలు చితకడం వల్ల ఈ పిల్లల్లో చాలామందికి కళ్లు లేతగా పచ్చగానే ఉంటాయి. పచ్చదనం ఒక్కసారిగా పెరిగినా, మూత్రం ముదురు రంగుకు తిరిగినా, కుడి డొక్కలో నొప్పి వచ్చినా పిత్తాశయంలో రాళ్లో, హెపటైటిసో కావచ్చు. అప్పుడు కావలసింది అల్ట్రాసౌండ్, రక్తపరీక్ష. పసరు పోయించి వారం గడిపితే ఆ వారం ఎవరు తిరిగిస్తారు?

టీ మాట మాత్రం నిజమే. తిండిలోని ఐరన్‌ను అది పేగుల్లోనే అడ్డుకుంటుంది, రక్తం అరుదుగా ఎక్కించుకునే తలసేమియా ఇంటర్మీడియా (తీవ్రత తక్కువ రకం) వాళ్లకు మేలు. నెలనెలా ఎక్కించుకునే పిల్లలకు ఐరన్ వచ్చేది నరంలోంచి. అక్కడ టీ అడ్డుపడలేదు.