ప్రపంచ మేయర్ పీఠం మన బల్దియాకే దక్కాలి

లోకంలోని నగరాలకూ పట్టణాలకూ ఒక సంఘం ఉంది. పేరు యునైటెడ్ సిటీస్ అండ్ లోకల్ గవర్నమెంట్స్. పొట్టిగా యూసీఎల్‌జీ. కాపురం బార్సిలోనాలో. 1913లో బెల్జియంలోని గెంట్‌లో పుట్టిన పాత సంఘాన్నీ, 1957లో ఫ్రాన్స్‌లో పుట్టిన ఇంకో సంఘాన్నీ కలిపేసి 2004 మే నెలలో పారిస్‌లో దీన్ని నిలబెట్టారు. అధ్యక్షుడు, సహాధ్యక్షులు, ప్రాంతాలవారీగా ఉపాధ్యక్షులు, లెక్కలకు కోశాధికారి. మన కాలనీ సంక్షేమ సంఘంలో ఉండేవన్నీ అక్కడా ఉన్నాయి, గొడవలతో సహా అని నా అనుమానం.

ఆ పీఠం మీద పారిస్ కూర్చుంది. ఇస్తాంబుల్ కూర్చుంది. మొరాకోలోని అల్ హొసైమా అనే చిన్న ఊరు కూడా 2019లో దర్జాగా కూర్చుంది. హైదరాబాద్ నగరపాలక సంస్థ, అదే మన బల్దియా, మాత్రం ఇంకా నిలబడే ఉంది. ఆత్మగౌరవం ఉన్న ఏ నగరవాసీ ఈ అన్యాయాన్ని సహించకూడదు. కనుక రాబోయే విడతలో అధ్యక్ష పదవిని హైదరాబాద్‌కే కట్టబెట్టాలని ఇందుమూలంగా ప్రతిపాదిస్తున్నాను. మొహమాటపడి అడగకపోవడమే ఇన్నాళ్లూ మన లోపం. అర్హతలకేం కొదవ లేదు.

స్థానిక ప్రభుత్వాన్ని నడిపిన అనుభవం అన్ని నగరాలకూ ఉంటుంది. ఎన్నికైనవాళ్లు ఒక్కరూ లేకుండా స్థానిక ప్రభుత్వాన్ని నడిపిన అనుభవం ఎందరికుంది? హైదరాబాద్‌లో 1986లో కార్పొరేషన్ ఎన్నికలు జరిగాయి. ఆ తర్వాత మళ్లీ జరిగింది 2002లో. ఆ ఏడాది మేయర్‌ను నేరుగా జనమే ఎన్నుకున్నారు. ఆ పద్ధతి బాగుందని నలుగురూ అనుకునేలోపే ఎత్తేశారు. 2007 ఏప్రిల్‌లో చుట్టుపక్కల 12 మున్సిపాలిటీలనూ 8 పంచాయతీలనూ కలిపి గ్రేటర్ హైదరాబాద్ అన్నారు. గ్రేటర్‌కు తొలి ఎన్నికలు 2009 నవంబరులో జరిగాయి. అంటే రెండున్నరేళ్లపాటు గ్రేటర్ ఉంది, కార్పొరేటర్ లేడు. చెత్త బండ్లు తిరిగాయి, ఆస్తి పన్ను నోటీసులు ఠంచనుగా వచ్చాయి, వీధి దీపాలు వెలగాల్సినవి వెలిగాయి, వెలగనివి వెలగలేదు. తేడా కనిపెట్టినవాళ్లు ఎవరైనా ఉంటే చేతులెత్తండి.

అసలు ముచ్చట 2014ది. యూసీఎల్‌జీలో మహానగరాల విభాగంగా ఉన్న మెట్రోపొలిస్ అనే సంస్థ తన పదకొండో ప్రపంచ మహాసభను ఆ ఏడాది అక్టోబరులో హైదరాబాద్‌లోనే పెట్టింది. ఎక్కడెక్కడి నగరాల పెద్దలో మాదాపూర్ కన్వెన్షన్ సెంటర్‌లో దిగారు. మహాసభ నినాదం ‘అందరికీ నగరాలు’. అతిథులు నడిచే దారుల్లో డివైడర్లకు రంగులు పడ్డాయి, కుండీల్లో పూలు పూశాయి. నగరాన్ని నడిపేది ఎన్నికైన నాయకత్వమేనని వేదికల మీద గంభీరంగా మాట్లాడుకుని, బిర్యానీ తిని, జ్ఞాపికలు పట్టుకుని విమానాలెక్కారు. డిసెంబరు మొదట్లో మన పాలకవర్గం గడువు తీరిపోయింది. ఎన్నికలు రాలేదు, ప్రత్యేకాధికారి వచ్చారు. మళ్లీ మేయర్ కుర్చీలో మనిషి కనబడింది 2016 ఫిబ్రవరిలో. ప్రపంచ మేయర్లకు ఆతిథ్యమిచ్చిన రెండు నెలలకే సొంత మేయర్‌ను సాగనంపి ఏడాదికి పైగా హాయిగా గడిపిన నగరం ఇంకొకటి ఉంటే చూపించండి, నా ప్రతిపాదన వెనక్కి తీసుకుంటాను.

మేయరే లేని ఊరికి ప్రపంచ అధ్యక్ష పదవి ఎలా ఇస్తారని కొందరు సాంకేతిక అభ్యంతరం లేవదీస్తారు. వాళ్లకు ఆ సంస్థ చరిత్ర తెలియదు. 2004లో మొదటి అధ్యక్షుల్లో ఒకరు సావో పావ్లో మేయర్ మార్తా సుప్లిసీ. ఆ ఏడాదే సొంత ఊళ్లో ఎన్నికలొచ్చి ఓడిపోయారు. జొహానెస్‌బర్గ్ మేయర్ పార్క్స్ తావుది ఇంకా గొప్ప కథ. 2016 ఆగస్టులో మేయర్ పదవి పోయింది, అక్టోబరులో బొగోటా మహాసభలో యూసీఎల్‌జీ అధ్యక్షుడయ్యారు. ఆయన కనీసం కౌన్సిలర్‌గానైనా గెలిచి ఉన్నారు కదా అని మళ్లీ అడ్డు తగులుతారేమో. సరే, ఒప్పుకుంటాను. కానీ ఈ రెండు కథలనుంచీ మనం గ్రహించాల్సింది వేరే ఉంది. ఎన్నికలు పెట్టడం వల్లనే కదా ఓడిపోవడమనే ప్రమాదం వస్తున్నది! అధ్యక్ష పీఠానికి కావాల్సింది స్థిరత్వం. ప్రత్యేకాధికారి ఏ ఎన్నికలోనూ ఓడిపోయిన దాఖలా లేదు.

2022లో కొరియాలోని దేజాన్ మహాసభ నాటికి యూసీఎల్‌జీవాళ్లు ఇంకో సూక్ష్మం కనిపెట్టారు. తుర్కియేలోని కోన్యా మేయర్ ఉగుర్ ఇబ్రహీం అల్తాయ్‌ను ముందు అధ్యక్షుడిగా కూర్చోబెట్టి, ఇతర ఖండాల నాయకులు వంతులు వేసుకునేలా ఏర్పాటు చేసుకున్నారు. దీన్నొక నూతన నాయకత్వ పద్ధతిగా వాళ్లు చెప్పుకుంటుంటే నాకు నవ్వాగలేదు. ‘చెరి రెండున్నరేళ్లు’ ఒప్పందం తెలియని మున్సిపాలిటీ మన రెండు రాష్ట్రాల్లో ఎక్కడైనా ఉందా? పెద్దమనుషుల సమక్షంలో మాటిచ్చుకోవడం, మొదటాయన గడువైనా లేవకపోవడం, రెండో ఆయన వర్గం అవిశ్వాసానికి సంతకాలు పోగుచేయడం, కౌన్సిలర్లను బస్సెక్కించి గోవాకు తీసుకెళ్లడం, ఫోన్లన్నీ ఒక సంచిలో వేసి తాళం వేయడం. ఈ విద్యలో మనవాళ్లు బార్సిలోనాకు వెళ్లి పాఠాలు చెప్పగలరు. వంతుల పద్ధతి రాసుకున్నంత మాత్రాన సరిపోదు, వంతు వచ్చిన రోజున కుర్చీ ఖాళీ చేయించే యంత్రాంగం ఉండాలి. అది మన దగ్గరా లేదనుకోండి. కానీ లేదని తెలిసిన అనుభవం ఉంది.

ఇక ప్రాంతీయ ప్రాతినిధ్యం. యూసీఎల్‌జీలో ఆఫ్రికా, యూరప్, లాటిన్ అమెరికా, ఉత్తర అమెరికా ఇలా ప్రాంతానికో విభాగం. ఆసియా పసిఫిక్ విభాగం కార్యాలయం జకార్తాలో ఉంది. మనమూ న్యూజిలాండూ ఒకే విభాగం. ఇంత పెద్ద ప్రాంతానికి న్యాయంగా సీట్లెలా పంచాలని అక్కడివాళ్లు తలలు పట్టుకుంటారట. ఒక్క ఏడాది మన వార్డుల పునర్విభజనకు కూర్చోబెడితే ఆ తలనొప్పి పూర్తిగా పోతుంది. 2025 చివర్లో ఔటర్ రింగ్ రోడ్డు చుట్టుపక్కలున్న 27 పురపాలికలను గ్రేటర్‌లో కలిపేశారు. ఘట్‌కేసర్ నుంచి అమీన్‌పూర్ దాకా అప్పటికి ఒకే గొడుగు. 150 వార్డులు 300 అయ్యాయి. విస్తీర్ణం రెండు వేల చదరపు కిలోమీటర్లు దాటింది. అంతకుముందు ఆ ఊళ్లకు తలా ఒక చైర్మనో మేయరో, ఒక కౌన్సిలూ ఉండేవి. ఇన్ని గొంతులు ఎందుకని, సౌలభ్యం కోసం ఒకే గొంతు పెట్టుకున్నాం. ఆ గొంతు ఇప్పుడెవరిదని అడగడం ప్రగతి నిరోధకుల పని.

ప్రాతినిధ్యం నేలమీద ఎలా ఉంటుందో అతిథులకు చూపించాలంటే కన్వెన్షన్ సెంటర్ కంటే మా గల్లీ నయం. మొన్న రేషన్ షాపు ముందు మ్యాన్‌హోల్ పొంగింది. నల్లటి నీళ్లు అరుగుల దాకా వచ్చాయి, దాని మధ్యలో ఎవరో పెట్టిన రెండు ఇటుకల మీద అడుగులేసుకుంటూ పిల్లలు స్కూలుకు పోతున్నారు. మూలింటి పెద్దమ్మ చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని గడపలోనే నిలబడి పోయినవాళ్లనీ వచ్చినవాళ్లనీ తిడుతున్నది. ముందు ఒక శాఖ మనిషి బండి మీద వచ్చి, దిగకుండానే చూసి, “పెద్దమ్మా, మాది పైన రోడ్డు వరకే. లోపట పైపు మాది గాదు” అన్నాడు. పైపు శాఖ మనిషి మధ్యాహ్నం వచ్చాడు. “పైపు మాదే గని, గీ మూత మీద సీసీ రోడ్డు పోసింది ఆళ్లు. తవ్వాలంటే ఆళ్ల పర్మిషన్ గావాలె.” పర్మిషన్ ఇవ్వాల్సినాయన మొదట వచ్చినాయనకు పైఅధికారి. సాయంత్రానికి మా డివిజన్ అక్క తరఫున అన్న వచ్చాడు. అక్క అంటే కార్పొరేటర్‌గా గెలిచినామె, అన్న అంటే ఆమె భర్త. గడువు తీరినా ఆ పిలుపులు తీరవు. తెల్లచొక్కా మీద నీళ్లు చిందకుండా ఇటుక మీద నిలబడి ఫొటో దిగాడు.

“అన్నా, ఎప్పుడైతది?” అంది పెద్దమ్మ.

“రాసి పంపినం పెద్దమ్మా. పైనుంచి రావాలె.”

“పైనుంచి ఏమొస్తది బిడ్డా, వస్తున్నదంతా కిందినుంచే గదా!”

స్త్రీ పురుష సమానత్వం మీద యూసీఎల్‌జీ ప్రత్యేకంగా స్థాయీ సంఘమే పెట్టుకుంది. మనకు ఆ విషయంలో ఎవరూ నేర్పనక్కర్లేదు. 150 డివిజన్లలో సగం ఆడవాళ్లకే రిజర్వు చేశాం. ఫ్లెక్సీలో అక్క ఫొటో పాస్‌పోర్టు సైజులో, అన్న ఫొటో నిలువెత్తున ఉండటం ప్రింటింగ్ షాపువాడి పొరపాటే తప్ప అందులో వివక్ష ఏమీ లేదు. ఒక సీటుకు ఇద్దరు ప్రజాప్రతినిధులు దొరుకుతున్నారు. 1962లోనే రాణి కుముదినీ దేవిని మేయర్‌ను చేసిన నగరం ఇది. ఆమె సంతకం ఆమే పెట్టేదని చెబితే ఇప్పటి కొందరు అన్నలు నమ్మరు.

పీఠానికి మనం తగినవాళ్లమని రుజువు చేసే పత్రం ఇంకొకటుంది, 1955 నాటి మన కార్పొరేషన్ చట్టం. దాని ప్రకారం పాలన నడిపే చేయి కమిషనర్‌ది. కమిషనర్‌ను నియమించేది రాష్ట్ర ప్రభుత్వం. మేయర్ సమావేశాలకు అధ్యక్షత వహిస్తారు, గంట కొడతారు, సభ్యులు పోడియం చుట్టుముడితే వాయిదా వేస్తారు. నీళ్లూ మురుగూ చూసే జలమండలి 1989 నుంచి వేరే సంస్థ, అధ్యక్షులు ముఖ్యమంత్రి. ప్లాన్లు వేసే హెచ్ఎండీఏ వేరే, అధ్యక్షులు ముఖ్యమంత్రి. చెరువుల కోసం 2024లో పెట్టిన హైడ్రా వేరే, అధ్యక్షులు ముఖ్యమంత్రి. మెట్రో రైలు వేరే, ట్రాఫిక్ పోలీసులు వేరే. పార్టీలు మారినా, ముఖ్యమంత్రులు మారినా ఈ ఏర్పాటు చెక్కుచెదరలేదు, ఇందులో అందరిదీ ఏకాభిప్రాయమే. బార్సిలోనావాళ్లు అన్నేసి మంది సహాధ్యక్షులను పోషిస్తున్నారు. ఇక్కడ ఒకరే అన్నింటికీ అధ్యక్షులు, సహాలు అక్కర్లేదు, విమాన ఖర్చులూ ఆదా. ఇస్తాంబుల్‌లో నీటి సరఫరా సంస్థ మహానగర పాలికకు అనుబంధంగానే ఉంటుంది, పాపం అక్కడి మేయర్ నల్లా రాకపోయినా తిట్లు తినాలి. మన మేయర్‌కు ఆ బాధ లేదు. మన మేయర్ నిష్కళంకులు.

రాజ్యాంగం పరిస్థితి కూడా చెప్పాలి కదా. 74వ సవరణ 1993 జూన్ 1న అమల్లోకి వచ్చింది. పన్నెండో షెడ్యూల్‌లో పట్టణ పాలికలకు అప్పగించదగిన పనులు 18 రాశారు. పాలకవర్గం గడువు అయిదేళ్లనీ, ఆ గడువు తీరకముందే ఎన్నికలు పూర్తి చేయాలనీ 243యు అధికరణంలో ఉంది. హైదరాబాద్ ఆ వాక్యాన్ని తీరిగ్గా అర్థం చేసుకుని, 2002లో ఎన్నికలు పెట్టుకుంది. తొందరపాటు నాయకత్వ లక్షణం కాదు. కిందటి మేయర్ 2021 ఫిబ్రవరి 11న ఎన్నికయ్యారు, అక్కడినుంచి అయిదేళ్లు లెక్కపెట్టుకోవడం ఎవరికైనా వచ్చు. ఒక్క ఎన్నికల షెడ్యూలు వేసేవాళ్లకు మాత్రమే వేళ్లు చాలవు.

కాబట్టి అధ్యక్షత ఇవ్వమని బార్సిలోనాకు ఉత్తరం రాయాలి. నాకున్న చిక్కల్లా, దానికి జవాబు వస్తే ఏమవుతుందా అని. కవరు మీద ‘గౌరవ మేయర్, హైదరాబాద్’ అని ఉంటుంది కదా. ట్యాంక్‌బండ్ దగ్గర్లోని బల్దియా ఆఫీసులో ఇన్‌వర్డ్ సెక్షన్ కిటికీలోంచి గుమాస్తా చేయి చాపి అందుకుంటాడు. తేదీ ముద్ర వేస్తాడు, వెనక్కి తిప్పి విదేశీ స్టాంపు బాగుందని జాగ్రత్తగా కత్తిరించి జేబులో పెట్టుకుంటాడు. లోపలి కాగితం మడత విప్పి ‘ఆసియా పసిఫిక్ ప్రాంతం తరఫున’ అన్న వాక్యం దగ్గర ఆగి, పక్క టేబుల్ వైపు తిరుగుతాడు.

“సార్, గిది ఏ జోన్ కిందికొస్తది? ఖైరతాబాదా, చార్మినారా?”