రెండు లక్షల యెన్లు పెట్టి కూర్చుని చూసే డాన్స్ కాదు ఇది

జపాన్‌లోని టోకుషిమాలో ఏటా ఆగస్టులో ఆవా ఒదోరి అనే డాన్స్ పండుగ జరుగుతుంది. 2023లో అక్కడ ఒక్కో ప్రీమియం సీటు రెండు లక్షల యెన్లకు పెట్టారు. ఆ సంగతి గుర్తొస్తే నాకు ఇప్పటికీ కడుపు మండిపోతుంది. ఎందుకంటే వాళ్ల పాటలోనే ఉంది: ఆడేవాళ్లూ పిచ్చోళ్లే, చూసేవాళ్లూ పిచ్చోళ్లే, ఎలాగూ పిచ్చోళ్లమే అయినప్పుడు ఆడకపోతే మనకే నష్టం అని!

డాన్స్‌కి టికెట్ పెట్టడమే తప్పని నేను అనను. బాలే ఉంది. హిరోషిమాలో పుట్టిన మోరిషిత యోకో 1974లో బల్గేరియాలోని వర్నా బాలే పోటీల్లో గోల్డ్ మెడల్ గెలిచింది. ఏళ్ల తరబడి ఒళ్లు హూనం చేసుకుంటే గానీ రాని విద్య అది. దాన్ని డబ్బిచ్చి, కూర్చుని, కళ్లప్పగించి చూడాల్సిందే. ఆవా ఒదోరి లాంటి బోన్ ఒదోరి, అంటే ఓబోన్ పండక్కి ఆడే ఆట, అలా కాదు. మనం పెద్దలకు పెట్టుకునే రోజుల్లాంటివే వాళ్ల ఓబోన్ రోజులు. పోయినవాళ్లు ఆ నాలుగు రోజులు ఇంటికొచ్చి వెళ్తారని నమ్మకం. వాళ్ల కోసం ఊరంతా కలిసి ఆడే ఆటకి వీఐపీ సీటేంటండీ?

గిఫు ప్రాంతంలోని గుజో హచిమాన్‌కి వెళ్తే నేను చెప్పేది అర్థమవుతుంది. జూలై మధ్య నుంచి సెప్టెంబరు మొదట్లో దాకా ముప్పై రాత్రులకు పైగా ఆడతారు. ఆగస్టు 13 నుంచి 16 దాకా అయితే తెల్లవార్లూ ఆటే. వీధి మధ్యలో చెక్క మండపం, అందులో పాడేవాళ్లు, షామిసెన్ అనే మూడు తీగల వాయిద్యం, డోలు, వేణువు. చుట్టూ జనం. నేను ఒక మూల నిలబడి ఫోన్‌లో వీడియో తీస్తుంటే, ఒక పెద్దావిడ వచ్చి నా ముందు నిలబడింది. మాటా పలుకూ లేదు. తన చెయ్యి నెమ్మదిగా ఎత్తి, నావైపు చూసి, మళ్లీ ఎత్తింది. ఫోన్ జేబులో పెట్టేశాను. అడుగు తప్పినా ఎవరూ పట్టించుకోలేదు. గెతా అనే ఆ చెక్క చెప్పులు వందల జతలు ఒకేసారి రోడ్డుని తాకితే వచ్చే టకటక చెవుల్లోకి కాదు, మోకాళ్లలోకి ఎక్కుతుంది. మా వరంగల్‌లో బతుకమ్మ చుట్టూ చప్పట్లు కొడుతూ తిరుగుతుంటే ఒళ్లు తెలియకుండా పోతుందే, అచ్చం అదే. చివర్లో వాయిద్యాలన్నీ ఆపేసి, గొంతూ చెక్కల తాళమూ మాత్రమే మిగిలే మత్సుసాక పాట వస్తుంది. నాకైతే కళ్లు చెమర్చాయి.

యునెస్కో 2022లో గుర్తించిన 41 జానపద నృత్యాల్లో ఈ ఊరి ఆట గుజో ఒదోరి కూడా ఉంది. మంచిదే. కానీ దాన్ని బతికించింది ఆ పెద్దావిడ లాంటివాళ్లు.

టోకుషిమాలో ఆడేవాళ్లకీ ఈ సంగతి తెలుసు. 2018లో నిర్వాహకులు, అందరూ కలిసి ఆడే 'సో ఒదోరి'ని రద్దు చేశారు. టికెట్ల అమ్మకాల లెక్కలు వాళ్లవి. అయినా ఆగస్టు 13 రాత్రి వెయ్యిమందికి పైగా వీధిలోకి దిగి ఆడేశారు. ఆ వీడియోలు చూస్తే ఇప్పటికీ నాకు ఒళ్లు జలదరిస్తుంది.

ఆగస్టులో జపాన్ వెళ్లే మనవాళ్లకి ఒక్క మాట. టోకుషిమాలో 'నివాకా రెన్' అనే ఆడేవాళ్ల గుంపు ఉంటుంది, అప్పటికప్పుడు ఎవరైనా చేరిపోవచ్చు. ప్రత్యేకంగా డ్రస్సూ అక్కర్లేదు. కుడి కాలితో పాటు కుడి చెయ్యి, ఎడమ కాలితో పాటు ఎడమ చెయ్యి. అంతే, దిగిపోండి.