పసుపు టీషర్టు

అమెరికాలో ఇల్లు కొన్న తెలుగువాడు మొదటి ఆర్నెల్లూ గడ్డి పెంచుతాడు. ఏడో నెల నుంచి ఎదుటి ఖాళీస్థలంలో ఇంకెవరూ ఇల్లు కట్టకుండా కాపలా కాస్తాడు. వర్జీనియా రాష్ట్రం లౌడన్ కౌంటీలో, యాష్‌బర్న్ పక్కన ఉంటున్న మా బావగారు ప్రస్తుతం రెండో దశలో ఉన్నారు.

ఆయన బాధ మరీ అన్యాయమైనదేం కాదు. 1990లో ఆ కౌంటీ జనాభా 86 వేలు. 2020 నాటికి 4 లక్షల 20 వేలు దాటింది. 2019లో ఇండిపెండెన్స్, 2020లో లైట్‌రిడ్జ్ అని వరసగా కొత్త హైస్కూళ్ళు తెరిచారు. అయినా ఏదో ఒక బడి నిండిపోయిందన్న మాట వినపడుతూనే ఉంటుంది. నిండితే ఏ వీధి పిల్లలు ఏ బడికెళ్ళాలో చెప్పే బౌండరీ మారుస్తారు. మారిస్తే నిన్నటిదాకా మన వీధి చివరున్న బడి ఇవాళ మనది కాకుండా పోతుంది. ఇల్లు కొన్నదే ఆ బడి రేటింగు చూసి కదా, ఇక మనవాళ్ళకి నిద్రెలా పడుతుంది?

అందుకే రోడ్డవతల టౌన్‌హౌస్‌లు, అంటే గోడకి గోడ ఆనించి వరసగా కట్టే ఇళ్ళు, వస్తాయట అని తెలిసిన రాత్రే కాలనీలో వాట్సాప్ గ్రూపు వెలిసింది.

అక్కడ భూమి జోనింగు, అంటే ఆ భూమిలో ఏం కట్టొచ్చన్న నిబంధన, మార్చుకోవాలంటే బిల్డరు కౌంటీకి ప్రాఫర్లు సమర్పించుకుంటాడు. అంటే బడికి స్థలమో, రోడ్లకి డబ్బో. చట్టం ప్రకారం ఇదంతా స్వచ్ఛందం. ‘మేం కట్నం అడగమండీ, మీ అమ్మాయికి ఏం పెట్టుకుంటారో మీ ఇష్టం’ అన్నట్టే. 2016లో రాష్ట్ర శాసనసభ అతిగా అడగొద్దని చట్టం చేసేసరికి, నోరు జారితే కోర్టుకెక్కుతారేమోనని మగపెళ్ళివారు, అదే కౌంటీవాళ్ళు, మాట్లాడ్డమే తగ్గించేశారు. 2019లో సవరణ తెచ్చి మళ్ళీ నోరు విప్పనిచ్చారు.

పిల్లల లెక్క ఇంకా సరదాగా ఉంటుంది. ఏ రకం ఇంటి నుంచి సగటున ఎంతమంది బడికొస్తారో ఒక పట్టిక వేసుకుంటారు. విడి ఇంటికి ఎక్కువ, టౌన్‌హౌస్‌కి తక్కువ, అపార్ట్‌మెంటుకి ఇంకా తక్కువ. టౌన్‌హౌస్‌కి నిండా ఒక్క పిల్లాడు కూడా రాడు. బావగారు ఆ పట్టిక ప్రింటు తీసి వాళ్ళ నాన్నగారికి చూపించారు. మావయ్యగారు తెనాలి దగ్గర ఒకప్పుడు పంచాయతీ వార్డు మెంబరు. విజిటర్ వీసా మీద వచ్చి, రాజకీయం లేక నాలుక చచ్చిపోయి ఉన్నారు.

“ఇంటికి ఇంత ముక్క పిల్లాడేమిట్రా?”

“సగటు నాన్నా.”

“మనదీ టౌన్‌హౌసేగా? ముగ్గురు తిరుగుతున్నారు. మిగతావాళ్ళని ఎవరి ఖాతాలో రాశారు?”

బావగారు ఆ ప్రింటు మడిచి జేబులో పెట్టుకున్నారు.

ఇళ్ళకి సరే అనాల్సింది కౌంటీని పాలించే బోర్డ్ ఆఫ్ సూపర్‌వైజర్స్. వాళ్ళు కూచునేది లీస్‌బర్గ్‌లో. బడి బౌండరీలు గీసేది స్కూల్ బోర్డు. వాళ్ళు కూచునేది యాష్‌బర్న్‌లో. స్కూల్ బోర్డుకి సొంతంగా పన్ను వేసే అధికారం లేదు, డబ్బుకి మళ్ళీ లీస్‌బర్గ్ వైపే చెయ్యి చాపాలి. పిల్లల్ని తెచ్చేది ఒకరు, కూచోబెట్టేది ఇంకొకరు అన్నమాట. “రెండు పంచాయతీలా! ఎవరిని తిట్టాలో ఎలా తెలుస్తుంది?” అన్నారు మావయ్యగారు. ముందు లీస్‌బర్గ్ అని తేలింది.

పబ్లిక్ హియరింగ్‌కి అందరూ పసుపు టీషర్టుల్లో రావాలని గ్రూపు తీర్మానం. బావగారు తనకీ నాన్నగారికీ రెండు కొన్నారు. ఆ రోజు పొద్దున, ఇళ్ళు కావాలనే అవతలి పక్షంవాళ్ళూ పసుపే అనుకున్నారని ఎవరో కనిపెట్టడంతో మన రంగు నీలానికి మార్చారు. మెసేజీ వచ్చింది కూడా. కానీ గుడ్ మార్నింగ్ పువ్వుల ధాటికి తట్టుకోలేక ఆయన గ్రూపుని ఏనాడో మ్యూట్‌లో పెట్టేశారు.

నేను డ్రైవరుగా వెళ్ళాను. హాల్లో ముందు వరసలన్నీ పసుపే. “చూశావా, మనవాళ్ళు ఎంతమందొచ్చారో!” అంటూ బావగారు మధ్యలోకి వెళ్ళి కూచున్నారు. చుట్టూ ఒక్క తెలుగు మొహం లేదన్న సంగతి ఉత్సాహంలో కనబడలేదు. మద్దతుదారులు ఒకసారి లేచి నిలబడండి అనగానే పసుపంతా లేచింది. అప్పుడు వెలిగింది ఆయనకి. మెల్లిగా కిందికి జారబోతుంటే ముందు వరసలో ఒకావిడ వెనక్కి తిరిగింది. మా చిన్న మేనల్లుడి క్లాసు టీచరు.

“అరె, మీరూ వచ్చారా! ఎంత సంతోషంగా ఉందో!”

ఆవిడ రోజూ వెస్ట్ వర్జీనియా నుంచి వచ్చిపోతుంది. తను పాఠం చెప్పే ఊళ్ళో ఇల్లు కొనే స్తోమత లేదు. ఆ టౌన్‌హౌస్‌లలో కొన్ని తక్కువ ధరకి ఇస్తారని ఆశ. పిల్లాడి టీచరు ఎదురుగా నవ్వుతుంటే కూచునే తెలుగు తండ్రి ఇంకా పుట్టలేదు. బావగారు లేచారు. కొడుకు లేచాడని మావయ్యగారూ లేచి చప్పట్లు కొట్టారు. ఇక్కడ చప్పట్లు కూడదు, చేతులు ఊపొచ్చు అని ఎవరో సైగ చేస్తే రెండు చేతులూ పైకెత్తి, గెలిచిన అభ్యర్థిలా నలువైపులా తిరిగి మరీ ఊపారు. వెనక నీలం వరసల్లో కాలనీ మొత్తం నోరు తెరుచుకుని చూస్తోంది.

అంతటితో పోయేది. కానీ ఆయన మాట్లాడతానని ముందే పేరిచ్చారు.

మైకు దగ్గర బల్ల మీద గడియారం వెనక్కి పరిగెడుతోంది. చేతిలో రాసుకున్న కాగితం. ఎదురుగా సూపర్‌వైజర్లు, వెనక కాలనీ, పక్కన టీచరు. “బడులు నిండిపోయాయి” అని మొదలెట్టారు. నీలంవాళ్ళు చేతులు ఊపారు. టీచరు మొహం వాడింది. “...కానీ టీచర్లకి ఇళ్ళు ఉండాలి.” ఇప్పుడు పసుపువాళ్ళు ఊపారు. “కాబట్టి ఇళ్ళు కట్టండి. కాకపోతే పిల్లలు లేనివాళ్ళకి ఇవ్వండి. ఉన్నా పెద్దపిల్లలైతే...” ఎర్ర లైటు వెలిగింది. ఒక సూపర్‌వైజరు కళ్ళజోడు తీసి తుడుచుకుంది. థాంక్యూ చెప్పి పంపించారు.

ఆ రాత్రి ఓటింగు జరగలేదు, ఇంకో మీటింగుకి వాయిదా వేశారు. బయట పార్కింగులో టీచరు వచ్చి బావగారి చెయ్యి పట్టుకుని ఊపి, వాళ్ళ గ్రూపులో ఆయన నంబరు చేర్చేసింది. వద్దనడానికి ఆయనకి మొహమాటం. కాలనీ గ్రూపు అప్పుడే ఆయన్ని తీసేసింది, దానికి వాళ్ళెవరికీ మొహమాటం లేదు.

కారు హైవే ఎక్కేదాకా ఎవరూ మాట్లాడలేదు. వెనక సీట్లోంచి మావయ్యగారు ముందుకు వంగారు.

“ఏరా, ఇంతకీ మనం ఏ పార్టీ?”

బావగారు రేడియో సౌండు పెంచారు.