బొమ్మ కాదండీ, ర్యామ్ తక్కువ, అంతే

జేబులో పట్టే లినక్స్ పరికరం కంప్యూటర్ కాదు, బొమ్మేనని వ్యాసంలో తేల్చేశారు. తన మీద నడిచే ప్రోగ్రామును తానే కంపైల్ చేసుకోగలిగితే, అంటే రాసిన కోడ్‌ని నడిచే రూపంలోకి తానే మార్చుకోగలిగితే, అది కంప్యూటరే, నా లెక్క అది. రాస్ప్‌బెర్రీ పై జీరో 2 డబ్ల్యూ అనే చిన్న బోర్డు ఆ పని చేస్తుంది. కాకపోతే ర్యామ్ 512 ఎంబీయే. నాలుగు కోర్లున్నాయి కదా అని కంపైల్ పని నడిపే మేక్ ప్రోగ్రాముకి ఒకేసారి నాలుగు జాబ్‌లు ఇచ్చారో, పెద్ద సీ ప్లస్ ప్లస్ ఫైలు దగ్గర మెమరీ చాలక కెర్నల్ (లినక్స్ మూల భాగం) కంపైలర్‌ని మధ్యలోనే చంపేస్తుంది. ఒక్క జాబ్ పెట్టి 1 జీబీ స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు వాడుకునే డిస్కు జాగా) ఇవ్వండి, నిదానంగానైనా అవుతుంది. బ్రౌజర్‌లో పది ట్యాబులు మాత్రం అడక్కండి.

మన శ్రీకాకుళం పల్లెల్లో అసలు చిక్కు కరెంటు. మెమరీ కార్డు మీద రాస్తుండగా పోతే ఫైల్ సిస్టమ్ పాడవుతుంది. రాస్పీ కాన్ఫిగ్ అనే సెట్టింగుల ప్రోగ్రాములో ఓవర్‌లే (కార్డు మీద రాయకుండా ఆపే ఏర్పాటు) ఆన్ చేసి, డేటాను పెన్‌డ్రైవ్‌కి మళ్లించండి. బోర్డు దానంతటదే మళ్లీ మళ్లీ రీబూట్ అవుతోందా? ముందు ఆ సన్నపాటి పవర్ కేబులు మార్చండి.