చెమట కౌలుకిచ్చాం, సీసా మాత్రం మాదే

మా డెల్టాలో సొంతంగా చేసుకునేవాళ్లు తగ్గి చాలా కాలమైంది. చేను కౌలుకి, చెరువు లీజుకి, కొబ్బరితోట పాటకి ఇచ్చేసి అరుగు మీద కుర్చీ మాత్రం మేం ఉంచుకున్నాం. కాబట్టి చెమటని కూడా కౌలుకిచ్చేశామని ఎవరైనా అంటే నేను నొచ్చుకోను. నిజమే కదా. ఊళ్లో చెమట పట్టేది కొబ్బరి దింపు తీసేవాడికి, కాయ ఒలిచేవాడికి, ఊడ్పులకి వంగే ఆడవాళ్లకి, రొయ్యల చెరువులో వల లాగేవాడికి. ఆ చెమటలో పోయిన లవణాలను తిరిగి ఒంట్లోకి తెచ్చే నీలం రంగు స్పోర్ట్స్ డ్రింకు సీసా మాత్రం మా ఇంట్లో ఫ్రిజ్జులో ఉంటుంది.

ఇందులో అన్యాయం ఉందని నేను అనడం లేదు. ప్రభుత్వం దీన్ని గుర్తించాలన్నదే నా విన్నపం. 2019 నాటి ఆంధ్రప్రదేశ్ పంట సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం పంట సాగుదారుకి, అంటే కౌలురైతుకి, పదకొండు నెలల హక్కు కార్డు ఇస్తున్నారు కదా, చెమట సాగుదారుకి కూడా అలాంటిదొకటి ఇస్తే బాగుంటుంది. సంతకం మాత్రం యజమాని పెట్టాలి. ఇప్పుడు ఆ కార్డుకి సంతకం పెట్టడానికి ఎంతమంది యజమానులు పరుగెత్తుకొస్తున్నారో తెలిసిందే కాబట్టి, ఈ పథకం కూడా శాంతియుతంగా సాగుతుంది.

మా అబ్బాయి జిమ్ముకి వెళ్తాడు. జిమ్ము మా ఇంటికి నాలుగు వందల గజాలు. బండి మీద వెళ్తాడు, ఏసీలో మెషీన్ మీద ముప్పావు గంట నడుస్తాడు, బండి మీద వస్తాడు. కాలవగట్టు మీద నడవొచ్చు కదరా అంటే ఒప్పుకోడు. వాడి బాధ నాకు అర్థమవుతుంది. గట్టు మీద నడిస్తే ఎదురొచ్చిన ప్రతివాడూ ఆగి, "ఏటండీ, షుగరొచ్చిందా?" అని అడుగుతాడు. మెషీన్ అలా అడగదు. నడిచి వచ్చాక వాడికి రికవరీ కావాలి. మా రోజుల్లో రికవరీ అంటే బాకీ కోసం బ్యాంకువాళ్లు జీపులో వచ్చేది. ఇప్పుడది సీసాలో వస్తోంది, కాస్త చల్లగా కూడా ఉంటోంది.

ఈ సీసాల మూలపురుషుడు ఎవరా అని వెతికితే అమెరికాలో తేలాడు. 1965లో ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో రాబర్ట్ కేడ్ అనే డాక్టరు, ఆయన తోటివాళ్లు ఒక సంగతి పట్టుకున్నారు. ఎండలో ఫుట్‌బాల్ ఆడే కుర్రాళ్ల ఒంట్లోంచి చెమటతో నీళ్లే కాదు, ఉప్పు కూడా పోతోంది. నీళ్లలో పంచదార, ఉప్పు, పొటాషియం కలిపి, తాగలేకపోతున్నారని నిమ్మరసం పిండారు. జట్టు పేరు గేటర్స్, అంటే మొసళ్లు. అందుకని ఆ నీళ్లకి గేటరేడ్ అని పేరు పడింది. వాళ్లు ఆడారు కాబట్టి తాగారు. మేం ఆ పద్ధతిని కాస్త సంస్కరించి, ఆట తీసేశాం. గంటలోపు చేసే మామూలు వ్యాయామానికి మంచినీళ్లు చాలని క్రీడావైద్యులు చెబుతూనే ఉన్నారు గానీ, కుండకి బ్రాండ్ అంబాసిడర్ లేడు గనక ఆ మాట ఎవరికీ వినపడలేదు.

మాకు అసలు చెమటే పట్టదని కాదు. మే నెలలో కరెంటు పోతే కూర్చున్నచోటే బనీను తడిసి ముద్దవుతుంది. కాని అది ఉక్క చెమట. జిమ్ము కోచ్ దాన్ని లెక్కలోకి తీసుకోడు.

క్రీడా పోషకాహారం మాకు కొత్త అనుకునేవాళ్లకి డెల్టా చరిత్ర తెలియదు. సంక్రాంతికి నెలల ముందు నుంచే పందెం కోడికి బాదంపప్పు, ఉడకబెట్టిన గుడ్డు, కీమా, చోళ్లు, గంట్లు. రోజూ ఈత, ఆ తర్వాత నీళ్లపోత. ఆట చట్టానికి ఒప్పదు గానీ డైటులో మాత్రం వేలెత్తి చూపడానికి లేదు. ఆ ఇంట్లో పిల్లాడికి బాదంపప్పు ఎప్పుడు దొరుకుతుందంటే, కోడి వద్దన్నప్పుడు. అయినా నేను కోడినే సమర్థిస్తాను. తిన్న కీమాకి తగ్గట్టు బరిలో నిలబడింది. గెలిస్తే సరే, ఓడితే దానికి రికవరీ లేదు, కూరే.

కోడి తర్వాత ఆ గౌరవం రొయ్యకి దక్కింది. వనామి రొయ్యను మన దేశంలో పెంచుకోనిచ్చింది 2009లో. ఆనాటి నుంచి మా వాళ్లు కొన్న పొటాషియం, మెగ్నీషియం ఇంతా అంతా కాదు. భీమవరంలో ఆక్వా మందుల షాపు మెట్లెక్కి చూడండి. ప్రొబయోటిక్, మినరల్ మిక్స్, విటమిన్ సి, లివర్ టానిక్, పేగుల ఆరోగ్యానికి జెల్. తర్వాత జిమ్ము కింద ఉన్న సప్లిమెంట్ల షాపు మెట్లెక్కి చూడండి. ఇంచుమించు అవే. బొమ్మలే తేడా. అక్కడ మీసాలున్న రొయ్య, ఇక్కడ మీసం లేని కండల కుర్రాడు. మేత సంచి మీద ప్రొటీన్ 35 శాతం అని ఉంటుంది. మా అబ్బాయి డబ్బా మీద అంతకు రెట్టింపు ఉంటుంది. రేటు తేడా రెట్టింపుతో ఆగలేదు, దాని గురించి మాట్లాడుకోవద్దని ఇంట్లో ఒప్పందం. మనిషికి కిలో బరువుకి రోజుకి 0.83 గ్రాముల ప్రొటీన్ చాలని, కండల కోసం పొడులు మానుకోమని హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ చెప్పిందని 2024లో పేపర్లో చదివి వినిపించాను. "వాళ్లకి కండలున్నాయా నాన్నా?" అన్నాడు. శాస్త్రాన్ని ఇంత సూటిగా నిలదీసిన తరం మా ఇంట్లో ఇదే మొదటిది.

సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి నరసాపురం దిగి పోతే, భీమవరం దగ్గర మా బావకి నాలుగు చెరువులున్నాయి. మేత కంపెనీ మనిషి వస్తే బావ అడిగే ప్రశ్నలు పార్లమెంటులో కూడా అడగరు. కిలో రొయ్యకి ఎంత మేత పడుతుంది, కౌంటు, అంటే కిలోకి ఇన్ని రొయ్యలు తూగాలన్న లెక్క, ఎన్నాళ్లకి వస్తుంది, పక్క చెరువులో వేస్తే ఏమైంది. అంత అడిగి కూడా నమ్మడు. కాస్త మేత చెక్ ట్రేలో పోసి చెరువులోకి దింపుతాడు. రెండు గంటలాగి పైకి లాగి, ఎంత మిగిలిందో చేత్తో నలిపి చూస్తాడు. ఒక రొయ్యని వెలుతురుకెత్తి పట్టుకుని, వీపున పేగు నిండుగా ఉందా, తెగితెగి ఉందా అని చూస్తాడు. పిల్లల ప్రోగ్రెస్ రిపోర్టు ఏనాడూ అలా చూడలేదని మా అక్క ఫిర్యాదు.

అదే బావ, అదే గట్టు మీద కూర్చుని ఎనర్జీ డ్రింకు డబ్బా టప్పున తెరిచి ఎత్తిపట్టాడు.

"ఏముంది బావా ఇందులో?" అన్నాను.

"ఎనర్జీ ఉంటది బావా."

"ఎంత?"

"డబ్బా నిండా."

డబ్బా తిప్పి చూశాను. లీటరుకి 300 మిల్లీగ్రాములు దాటకుండా కెఫీన్ వేసుకోవచ్చని మన ఆహార నియమాలు చెబుతాయి. పిల్లలు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు తాగకూడదని డబ్బా మీదే చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటుంది. 2025 సెప్టెంబరు నుంచి దీని మీద జీఎస్టీ 40 శాతం. ఇవన్నీ చదివి వినిపించి, "మరి చెక్ ట్రే ఎప్పుడు లాగుతావు?" అన్నాను. బావకి కోపం వచ్చింది.

"రొయ్యకీ నాకూ పోలికేంటి బావా? దానికి రేటుంది."

దీనికి నా దగ్గర జవాబు లేక పంటు వేళయిందని లేచాను.

ఇంతకంటే ఆశ్చర్యం పులస విషయంలో. సముద్రంలో ఉన్నంతకాలం అది ఇలస. వరదకి గోదారి ఎర్రబడగానే ఏటికి ఎదురీదుతూ ధవళేశ్వరం దాకా వస్తుంది, పులస అవుతుంది. నన్నడిగితే డెల్టా మొత్తానికి నిఖార్సైన క్రీడాకారిణి ఇదొక్కటే, అదీ ఏ సీసా తాగకుండా. ఒరిస్సా నుంచి ఐసు పెట్టెలో వచ్చిన ఇలసని ఎవడైనా పులస అని అమ్మబోతే మా వాళ్లు పొలుసు మెరుపు చూసి పట్టేస్తారు, రేవులో పంచాయితీ పెడతారు. "ఇది పులస కాదు" అని చేప తోక మీద చిన్న అక్షరాల్లో రాశాను కదండీ అని వాడు వాదించాడనుకోండి. గోదాట్లోకి తోసేస్తారు.

సరిగ్గా ఆ వాదనే మందుల షాపులో ఏళ్లపాటు చెల్లింది. తియ్యటి పళ్లరసం లాంటి నీళ్లకి పేరులో ఓఆర్ఎస్ అని పెట్టి, కిందెక్కడో ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన ఓఆర్ఎస్ కాదు అని రాసి అమ్మారు. అసలు ఓఆర్ఎస్ లెక్క 2002 నుంచి మారలేదు. లీటరు నీళ్లకి ఉప్పు 2.6 గ్రాములు, గ్లూకోజ్ 13.5 గ్రాములు, పొటాషియం క్లోరైడ్ 1.5, సిట్రేట్ 2.9. మామూలు స్పోర్ట్స్ డ్రింకులో అయితే లీటరుకి పంచదార 60 గ్రాముల దాకా ఉంటుంది, సోడియం ఓఆర్ఎస్‌లో ఉన్నదాంట్లో మూడో వంతు కూడా ఉండదు. విరేచనాలతో వడలిపోయిన పసిపిల్లకి పంచదార ఎక్కువైతే నీళ్లు ఇంకా పోతాయి. హైదరాబాద్‌లో పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడగా, 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఓఆర్ఎస్ అన్న మాటను అలాంటి డ్రింకుల పేర్లలో వాడకూడదని తేల్చింది. చేప మోసాన్ని పొలుసు చూసి పట్టేవాళ్లం, ఈ మోసాన్ని మేమెందుకు పట్టలేదంటే, దీనికి పొలుసు లేదు.

మా చిన్నప్పుడు ఇంత గందరగోళం లేదు. ధవళేశ్వరం దగ్గర హార్లిక్స్ ఫ్యాక్టరీ ఉండేది గనక, బస్సులో అటు వెళ్తుంటే వాసన ముక్కుకి తగిలేది. గట్టిగా పీల్చి ఆ పూటకి బలం పట్టిందనుకునేవాళ్లం. ఆ పొడిని ఆరోగ్యంగా ఉన్నవాళ్లు కొనుక్కోగా నేను చూడలేదు. ఎవరికైనా ఆపరేషనైతే పలకరింపుకి పట్టుకెళ్లేవారు. మంచం కింద ఎన్ని సీసాలు చేరాయో లెక్కపెట్టి మనిషి పరపతి అంచనా వేసేవారు. 2024 ఏప్రిల్‌లో, అసలు హెల్త్ డ్రింక్ అనే మాటకి చట్టంలో నిర్వచనమే లేదు, ఇలాంటివాటిని ఆ వరస నుంచి తీసెయ్యండని కేంద్రం ఆన్‌లైన్ అంగళ్లకి చెప్పింది. హార్లిక్స్ కూడా అదే నెలలో ఫంక్షనల్ న్యూట్రిషనల్ డ్రింక్ అయింది. మా అత్తగారు మాత్రం దాన్ని ఎప్పటి నుంచో ఆస్పత్రి పాలు అంటారు. నిర్వచనం విషయంలో ఆవిడకి కేంద్రం కంటే స్పష్టత ఉంది.

ఇక నేను తరవాణి, పానకం, కొబ్బరినీళ్ల గొప్పలు ఎత్తుకుంటానని చదువరులకి అనుమానం వచ్చి ఉంటుంది. ఎత్తుకోను. ఆ పని వాట్సాప్ రోజూ తెల్లారుజామునే చేస్తోంది. కొబ్బరినీళ్లలో పొటాషియం మెండు గానీ, చెమటలో ఎక్కువగా పోయే సోడియం అంత ఉండదు, ఆ నిజం కోనసీమవాడిగా నేనే చెప్పాలి. పైగా మా బొండాలు లారీలెక్కి హైదరాబాద్ పోతున్నాయి, కోకోనట్ వాటర్ ప్యాకెట్లు తిరుగు లారీలో వస్తున్నాయి. తరవాణిని పొగిడితే దాన్ని కూడా ఎవరో నీలం రంగేసి సీసాలో పోస్తారని నా భయం.

మొన్న మా తోటలో దింపు. మేస్త్రి కాళ్లకి బంధం వేసుకుని పొద్దున్నించి ఎక్కుతూ దిగుతూనే ఉన్నాడు. పదకొండయ్యేసరికి చొక్కా లేని ఒళ్లంతా నూనె రాసినట్టు మెరుస్తోంది. కౌలు సంస్కరణ మన ఇంటి నుంచే మొదలవ్వాలని నాకు ఉద్రేకం కలిగింది. ఫ్రిజ్జులోంచి నీలం సీసా తెచ్చి ఇచ్చాను. ఒక గుక్క తాగి, నోట్లో అటూ ఇటూ తిప్పి మింగాడు.

"పంచదార దండిగా ఉందండి మాస్టారూ. ఉప్పే లేదు."

ఓఆర్ఎస్‌దీ, ఈ సీసాదీ రెండు లేబుళ్లు పక్కపక్కన పెట్టుకుని నేను మూడు రోజులు కూర్చుని తేల్చిన సంగతి అది.

"పారబొయ్యమంటావా?"

"ఆయ్. సీసా బాగుందండి. మూత గట్టిది, మొలకి కట్టుకుంటే ఒలకదు." మిగిలింది కొబ్బరి పాదులో ఒంపి, ఇంటి దగ్గర నుంచి తెచ్చుకున్న ఉప్పు మజ్జిగ అందులో పోసుకుని, మొలకి బిగించి, పక్క చెట్టెక్కాడు.

అబ్బాయి బండి వాకిట్లో ఆగింది. లోపల ఫ్రిజ్జు తలుపు తెరిచిన చప్పుడు, కాసేపు నిశ్శబ్దం.

"నాన్నా, నా రికవరీ ఏదీ?"

"చెట్టెక్కింది," అన్నాను.